లేతు పని నేర్చుకోవాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో వేదాయపాలెం వైపు ఒక రేకుల షెడ్డులో ఆదివారం ఆదివారం కలిసే చిన్న గుంపు మాది. ఇద్దరు వడ్రంగి మేస్త్రీలు, రిటైరైన టీచర్లు, ఒక రొయ్యల రైతు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు, అందరం కలిపి పదీ పదిహేను మందిమి. కర్రను లేతుకు ఎక్కించి గిన్నెలు, భరిణెలు, బొంగరాలు చేసుకుంటాం. కొత్తవాళ్లు వచ్చి అడిగేవి, ఒంగోలు, కావలి, కందుకూరు నుంచి ఫోన్ చేసి అడిగేవి ఒకచోట రాస్తే బాగుంటుందని ఇలా రాశాను.

వడ్రంగానికీ లేతు పనికీ తేడా ఏమిటి?

వడ్రంగంలో కర్ర కదలకుండా ఉంటుంది, పనిముట్టు కదులుతుంది. లేతులో కర్ర తిరుగుతుంటే మనం ఉలిని ఆనించి పట్టుకుంటాం. అందుకే దీని మీద వచ్చేదంతా గుండ్రమే. మంచం కోళ్లు, అప్పడాల కర్ర, ఉయ్యాల బల్ల స్తంభాలు, కుంకుమ భరిణె, బొంగరం, చెస్ పావులు అన్నీ ఈ పనే.

ఇందులో రెండు రకాలున్నాయి. కర్రలో పోగు (నార సాగే దిశ) లేతు పొడవునా పరుచుకుని ఉంటే అది పొడుగు పని: కోళ్లు, పిడులు, బొంగరాలు. పోగు అడ్డంగా ఉంటే అది గిన్నె పని. ఈ తేడా మొదటి రోజే బుర్రకెక్కాలి. ఏ ఉలి ఎక్కడ వాడాలో, ఏ ఉలి ఎక్కడ వాడకూడదో దీన్నిబట్టే ఉంటుంది.

ఇది ఫారిన్ హాబీ కదా, మనకు కొత్త కదా?

కాదు. లేతుకు తెలుగులో 'తరిమెన' అనే మాట ఎప్పటినుంచో ఉంది. కరెంటు రాకముందు ఒకరు తాడు అటూ ఇటూ లాగుతుంటే కర్ర ముందుకూ వెనక్కూ తిరిగేది. రెండో మనిషి ఉలి పట్టేవాడు. మీ తాతగారింట్లో పాత పందిరి మంచం ఉంటే దాని కోళ్ల మీద వేలు పెట్టి చూడండి, వరసగా గాడులు తగులుతాయి. అది తరిమెన పనే.

మన రాష్ట్రంలో ఈ పనికి పెద్ద పేరు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కొత్తగా వచ్చినదల్లా జీతం కోసం కాకుండా సరదాకి, సెలవురోజున, మనలాంటివాళ్లు నేర్చుకోవడమే. బయట దేశాల్లో దీనికి పెద్ద సంఘాలున్నాయి. అమెరికాలో ఉన్న సంఘం 1986లో మొదలైంది. మనం ఇంకా షెడ్డుల దగ్గరే ఉన్నాం, దానికేం నామోషీ లేదు.

ఉదయగిరి చెంచాలు కూడా లేతు మీద చేసినవేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. ఉదయగిరి చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు ముఖ్యంగా చేతి చెక్కుడు పని. చెంచాకు గుంట ఒకవైపు, పిడి ఒకవైపు ఉంటాయి, తిరిగే కర్ర మీద ఆ ఆకారం రాదు. ఆ పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. చేసేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కసారి వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని చూడమని మా గుంపులో చేరిన ప్రతివాళ్లకీ చెబుతాను. పోగు ఎటు పోతోందో చూసి కత్తి ఎటు తిప్పాలో వాళ్ల చేతికి తెలిసినంత బాగా మా చేతులకు ఇంకా తెలియదు.

చేరాలంటే ఏం చేయాలి? ఫీజు ఎంత?

వచ్చి ఒక ఆదివారం కూర్చోండి. ఫీజు లేదు. కరెంటు బిల్లుకూ సాండ్ పేపర్‌కూ నెలకోసారి తలాకొంచెం వేసుకుంటాం.

వడ్రంగం అసలు రాదు. పర్వాలేదా?

పర్వాలేదు. మూలమట్టం పెట్టి కొలవడం, కుసి కొట్టడం (అతుకు కోసం కర్ర కొస చెక్కడం) లాంటివి ఇందులో పెద్దగా ఉండవు. చేతిలో సుత్తి పట్టని టీచర్ గారొకరు మూడో ఆదివారానికి పప్పు గుత్తి చేసుకుని ఇంటికి పట్టుకెళ్లారు. అనుభవం ఉన్న వడ్రంగులకే మొదట్లో కాస్త ఇబ్బంది. ఉలిని బలంగా తోయడం వాళ్లకు అలవాటు, ఇక్కడ ఆ తోపు పనికిరాదు.

ముందు లేతు కొనుక్కుని తర్వాత నేర్చుకుంటే?

దయచేసి అలా చేయకండి. నేను చేసిన తప్పే ఇది. వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో ఒక చిన్న మిషన్, దానితోపాటు ఎనిమిది ఉలుల సెట్టు తెప్పించాను. మిషన్ బెడ్ (అన్నీ బిగించే కింది దిమ్మ) పలుచటి రేకు. నాలుగంగుళాల మొద్దు ఎక్కిస్తే బల్లతో సహా వణికేది. ఉలుల మీద హైస్పీడ్ స్టీలు అని రాసుంది. చింత కర్ర మీద రెండు నిమిషాలు పెడితే పదును పోయేది. ఆర్నెల్లు తప్పంతా నా చేతిదే అనుకున్నాను. మా మేస్త్రీ గారి లేతు మీద, ఆయన ఉలితో మొదటిసారి కోసిన రోజు కర్ర రిబ్బన్‌లా జారి మోచేయి మీద పడింది. అప్పుడు తెలిసింది నాకు.

కనీసం ఏడెనిమిది ఆదివారాలు షెడ్డులో చేసి చూడండి. మీకు గిన్నెలు ఇష్టమో, చిన్న పొడుగు పని ఇష్టమో అప్పటికి తేలుతుంది. గిన్నెలకు బరువైన మిషన్ కావాలి, చిన్న పనికి బెంచి మీద పెట్టేది చాలు. కొనేటప్పుడు ముందు బరువు చూడండి. పోత ఇనుప బెడ్, ఇంట్లో కరెంటుకు సరిపోయే 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఉంటే పది అంగుళాల గిన్నె దాకా ఇబ్బంది లేదు. ఫుల్ లోడ్ మీద నడిచినా గంటకు ఒక యూనిట్ చుట్టుపక్కలే కాలుతుంది. ఇనుము తిప్పే లేతు వర్క్‌షాపుల వాళ్లతో మంచి చేసుకోండి. టూల్ రెస్ట్ (ఉలి ఆనించే కమ్మి), ఫేస్‌ప్లేట్ (మొద్దును బిగించే పళ్లెం) లాంటివి వాళ్లే చేసిపెడతారు.

ఎన్ని ఉలులు కావాలి?

నాలుగు. మొద్దును ముందు గుండ్రం చేయడానికి రఫింగ్ గౌజ్, పొడుగు పనికి చిన్న స్పిండిల్ గౌజ్, గిన్నెలకు బౌల్ గౌజ్, ముక్క తెంపడానికి పార్టింగ్ టూల్. ఏటవాలు అంచుండే స్క్యూ ఉలి తర్వాత నేర్చుకోవచ్చు.

పెద్దగా దోనెలా ఉండే రఫింగ్ గౌజ్‌ను గిన్నె మీద పెట్టకండి. అది పొడుగు పని కోసం చేసింది. పిడిలోకి దిగే దాని తోక పలచగా ఉంటుంది. అడ్డం పోగు ఒక్కసారి పట్టుకుందంటే అక్కడికి విరిగి ఉలి ముక్క ముఖం వైపు ఎగురుతుంది.

సాన పట్టడం రాకుండా ఈ పని రాదు. బౌల్ గౌజ్‌కు 55 డిగ్రీలు, రఫింగ్ గౌజ్‌కు 45 డిగ్రీలు అంచు వాలు పెట్టుకుంటే కొత్తవాళ్లకు సరిపోతుంది. పావుగంటకోసారి సాన దగ్గరికి వెళ్లాలి. బద్ధకించి మొండి ఉలిని తోస్తే కర్ర చిరుగుతుంది, తర్వాత గంటసేపు సాండ్ పేపర్ రుద్దాల్సొస్తుంది.

మన జిల్లాల్లో ఏ కర్ర దొరుకుతుంది? ఎక్కడ దొరుకుతుంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. టింబర్ డిపోకి వెళ్లి టేకు కొనాల్సిన పనే లేదు. కట్టెల అడితికి వెళ్లండి, సామిల్లు వెనక పడేసిన కొసలు అడగండి, తోట తీసేస్తున్న రైతును అడగండి. తుపాను తర్వాత రోడ్ల పక్కన చూడండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెళ్లాక కూలిన చెట్ల కొమ్మలే మాకు ఏడాదిపైన పనికొచ్చాయి.

అన్నిటికంటే ముందు సర్కారు తుమ్మ పేరు చెబుతాను. ప్రకాశం, నెల్లూరు బీళ్లలో, చెరువు కట్టల మీద ఎక్కడ చూసినా అదే. ముళ్ల కంప అని తిట్టుకుంటూ బొగ్గుల బట్టీలో తగలేస్తాం. దాని చేవ ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది, ఆరేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుపోతుంది. మిగతా కర్రలు పగిలే చోట ఇది నిలబడుతుంది. లావు మొద్దు దొరకడమే కష్టం. తెల్లటి పైపొరకు పురుగు పడుతుంది కాబట్టి చేవ వరకే వాడండి.

చింత గట్టిది, ఉలి పదును తినేస్తుంది. మటన్ కొట్లో మొద్దు చింతది ఎందుకో లేతు మీద పెడితే అర్థమవుతుంది. ముదురు చెట్టు నడిమధ్య ఊదా కలిసిన నల్లటి చేవ ఉంటుంది, అది దొరికితే వదలకండి. మామిడి మెత్తగా కోస్తుంది, కొత్తవాళ్లు గిన్నె నేర్చుకోవడానికి దానికి మించింది లేదు. వేప పోగు అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి చివరి కోత చాలా పలుచగా తీయాలి. పొదలకూరు వైపు ముసలి నిమ్మతోటలు తీసేసినప్పుడు వచ్చే కాండాలు చిన్నవే అయినా పోగు సన్నగా, లేత పసుపులో ఉంటుంది. భరిణెలకు, చెస్ పావులకు అంత మంచి కర్ర నేను చూడలేదు. తీరం పొడుగునా ఉండే సరుగుడు ఆరేటప్పుడు బాగా పగులుతుంది, ఉలి పిడులకు మాత్రం పనికొస్తుంది. తాటి చెక్క నల్లటి పోగులు సూదుల్లా గుచ్చుకుంటాయి, అనుభవం వచ్చాక పట్టండి.

తినే వస్తువులకు గన్నేరు, ముషిణి లాంటి విషపు చెట్ల కర్ర వాడొద్దు.

ఇంకో మాట. సొంత దొడ్లో చెట్టయినా కొట్టేముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో కనుక్కోండి. మేం పడిపోయిన చెట్టు, ఎవరో తీసేసిన చెట్టు తప్ప కర్ర కోసమని చెట్టు కొట్టించం.

ఎర్రచందనం ముక్క ఒకటి ఉంది, తెస్తే చేసిపెడతారా?

చేయం. షెడ్డులోకి కూడా తేవద్దు. వెలిగొండల్లో పుట్టే ఆ చెట్టు మన సొత్తు, దాని కోసం ఎంతమంది జైలు పాలయ్యారో, ప్రాణాలు పోగొట్టుకున్నారో మనకు తెలుసు.

నేను చేసిన గిన్నె వారానికే పగిలింది. ఎందుకు?

పచ్చి కర్రతో చేసుంటారు, లేదా నడిమి బెండు గిన్నెలోనే ఉండిపోయుంటుంది. లేదంటే ఎండలో పెట్టుంటారు. ఎక్కువమంది ఈ మూడూ చేస్తారు.

కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుదించుకోదు. చెట్టు వయసు వలయాల వెంబడి కుదించుకునేది, మధ్య నుంచి బయటికి కుదించుకునే దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ లాగుడుకు మొద్దు బెండు దగ్గర మొదలై చీలుతుంది. అందుకని మొద్దును ముందు బెండు మీదుగా రెండు బద్దలు చేసి, ఆ బెండు భాగం తీసేసి, ఒక్కో బద్దలో గిన్నె చూసుకోవాలి. మొద్దు తెచ్చిన రోజే రెండు కొసలకూ కరిగించిన మైనమో, పాత పెయింటో పూయాలి. నీరు కొసల నుంచే తొందరగా పోతుంది.

తర్వాత పచ్చిగా ఉండగానే గిన్నెను మందంగా తొలిచి పెట్టుకోవాలి. పది అంగుళాల గిన్నెకు అంగుళం గోడ, అంటే వెడల్పులో పదో వంతు. దాన్ని దాని పొట్టుతోపాటే కాగితపు సంచిలో పెట్టి, తేదీ, బరువు రాసి, గాలి కొట్టని మూల నీడలో ఉంచాలి. వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆరినట్టు. మూడు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు. అప్పటికి గిన్నె కోలగా వంగి ఉంటుంది. మళ్లీ లేతుకెక్కించి గుండ్రం చేసి పలుచగా తీయాలి.

మన వాతావరణంలో మే నెల వడగాలి పెద్ద శత్రువు. ఒక ఏడు ఏప్రిల్ చివర్లో వేప గిన్నె తొలిచి, సంచి లేకుండా కిటికీ పక్కన పెట్టి మర్చిపోయాను. మూడో రోజు మధ్యాహ్నం టప్‌మని చప్పుడైంది. అంచు నుంచి అడుగు దాకా అగ్గిపుల్ల పట్టేంత చీలిక. ఎండాకాలంలో మొద్దులు తడి గోనె కప్పి ఉంచండి, పచ్చి గిన్నెల పని అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో పెట్టుకోండి.

ఇది ప్రమాదమా?

జాగ్రత్తగా లేకపోతే ప్రమాదమే. పది అంగుళాల మొద్దు పొరపాటున నిమిషానికి 1440 చుట్లు, అంటే 1440 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే దాని అంచు గంటకు సుమారు 69 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. హైవే మీద బస్సు వేగం అది.

గ్లవ్స్ వేసుకోకండి. చేతికి రక్షణ అనిపిస్తుంది కానీ, దారం ఒక్కటి చుట్టుకుంటే చేతిని లాక్కుపోతుంది. కండువా, చున్నీ, పైట, ఉంగరం, బ్రేస్‌లెట్, మెడలో గొలుసు ఏదీ వేలాడకూడదు. జడ ముడి వేసుకోవాలి. కళ్లద్దాలు చాలవు, ముఖమంతా కప్పే షీల్డు కావాలి. నేను తొలుస్తున్న మామిడి గిన్నెలో బెరడు దిగిన చోట చిన్న చీలిక ఉంది, చూసి కూడా పర్లేదులే అనుకున్నాను. సగం గిన్నె ఊడి నా షీల్డును కొట్టింది. ఆ గీత ఇప్పటికీ దాని మీద ఎడమ కంటికి సరిగ్గా ఎదురుగా ఉంది.

స్విచ్ వేసేముందు మొద్దును చేత్తో ఒక చుట్టు తిప్పి టూల్ రెస్ట్‌కు తగలట్లేదని చూడండి. స్విచ్ వేసేటప్పుడు మొద్దుకు ఎదురుగా నిలబడకుండా పక్కకు జరగండి. కరెంటు పోతే ముందు స్విచ్ ఆపండి. అది మళ్లీ వచ్చినప్పుడు మీ చేయి చక్ (కర్రను పట్టి ఉంచే బిగింపు) మీద ఉండొచ్చు. నిద్ర సరిగా లేని రోజు, మనసు బాగాలేని రోజు మిషన్ ముట్టుకోకండి. షెడ్డుకు రండి, టీ తాగి మాట్లాడుకుందాం.

దుమ్ము సంగతి?

దీన్ని ఎవరూ పట్టించుకోరు, అదే నా బాధ. కర్ర దుమ్ము కాన్సర్ తెప్పించే వాటిలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. ఉలితో కోసేటప్పుడు వచ్చే పొట్టుతో పెద్ద ముప్పు లేదు, సాండ్ పేపర్ రుద్దేటప్పుడు లేచే సన్న దుమ్ముతోనే ముప్పు. ఎన్95 మాస్కు వేసుకోండి, వెనక నుంచి ఫ్యాను పెట్టి దుమ్ము బయటికి పోయేలా చూడండి.

ఎంత స్పీడు పెట్టాలి?

మొద్దు వెడల్పును అంగుళాల్లో కొలిచి, 6000ను దాంతో భాగించండి. పది అంగుళాలకు నిమిషానికి 600 చుట్లు. గుండ్రం వచ్చి, వణుకు పోయాక 900 దాకా పెంచొచ్చు. అనుమానం ఉంటే తగ్గించండి.

ఉలి మాటిమాటికీ కరుస్తోంది (కర్రలో చిక్కుకుంటోంది), ఏం తప్పు చేస్తున్నాను?

ఉలి మొన ముందు ఆనించి తర్వాత రెస్ట్ మీద పెడుతున్నారేమో చూసుకోండి. ముందు ఉలి రెస్ట్ మీద ఆనాలి, తర్వాత దాని వీపు, అంటే సాన పట్టిన వాలు, కర్రను తాకాలి, తర్వాత పిడి మెల్లగా పైకి లేపితే అంచు కోయడం మొదలెడుతుంది. చేతులతో కాదు, నడుముతో కదలాలి. దోసె పెనం మీద పిండి తిప్పేటప్పుడు మణికట్టు ఎంత తేలిగ్గా ఉంటుందో అంత తేలిగ్గా పట్టుకోండి. రాసి చెప్పగలిగింది ఇంతే. మిగతాది పక్కన ఒకరు నిలబడి మీ మోచేయి సర్దితేనే వస్తుంది. మా మేస్త్రీ గారు చూడకుండానే, చప్పుడు విని "పిడి దించు నాయనా" అంటారు.

మొదట ఏ వస్తువు చేయాలి?

బొంగరం. అరగంటలో అయిపోతుంది, తిరిగితే మీకే తెలుస్తుంది ఎంత సమంగా వచ్చిందో. తర్వాత పప్పు గుత్తి, అప్పడాల కర్ర. గిన్నె ఆ తర్వాత.

భరిణెకు మూత బిగువుగా ఎలా కూర్చోబెడతారు?

ముందు మూత లోపలి గాడి పూర్తి చేస్తాం. తర్వాత భరిణె మెడను కాస్త లావుగా ఉంచి, కొనకు వెంట్రుకవాసి సన్నం చేసి, మూతను ఆనించి ఒక చుట్టు తిప్పుతాం. తీసి చూస్తే మెడ మీద రాసుకున్న చోట సన్నటి మెరుపు గీత పడుతుంది. ఆ గీత ఉన్నంత మేరే తీయాలి, దాటితే మూత వదులైపోతుంది. మళ్లీ ఆనించడం, మళ్లీ చూడటం. ఒక్కోసారి పదిసార్లు. చివరికి మూత దానంతట అది గాలి మీద మెల్లగా దిగుతుంది, తీస్తే 'టప్' అంటుంది.

మా అమ్మకు నిమ్మ కర్రతో ఒకటి చేసిచ్చాను. కార్తీకంలో మూత రావట్లేదని, ఎండాకాలంలో జారిపోతోందని చెప్పేది. కర్ర గాలిలో తడిని బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. అందుకని ఇప్పుడు వానాకాలంలో చేసేవి కాస్త బిగువుగా, మే నెలలో చేసేవి కాస్త వదులుగా పెడుతున్నాను.

తినే గిన్నెలకు ఏ పాలిష్?

అవిసె నూనె పలుచగా రాసి, తుడిచి, ఆరనిచ్చి, మూడు నాలుగు సార్లు పట్టించి పైన తేనెమైనం. పల్లీ నూనె, నువ్వుల నూనె పూయకండి. అవి గట్టిపడవు, కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది.

అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి బయటికి పోక గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి.

లక్క రంగులు వేస్తారా?

ఆడే బొమ్మలకు, భరిణెలకు వేస్తాం. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. దాని మీద మొగలి ఆకు ఒత్తి పట్టుకుంటే అద్దంలా మెరుస్తుంది. లక్క వేడికి కరుగుతుంది కాబట్టి వేడి టీ కప్పులకు పనికిరాదు.

ఆడవాళ్లు, పిల్లలు రావచ్చా?

తప్పకుండా. మా గుంపులో అందరికంటే సన్నటి పని చేసేది ఒక అక్క. పిల్లలు పెద్దవాళ్లతో వస్తే మిషన్ పక్కన ఒక మనిషి నిలబడి చేయిస్తాం.

చేసినవి అమ్ముకోవచ్చా?

అమ్ముకోండి. కానీ గంటల లెక్క వేసుకోకుండా ధర తగ్గించి మాత్రం అమ్మకండి. ఇదే పని మీద ఇల్లు నడుపుకునే మేస్త్రీలున్నారు. మనం సరదాకి వంద రూపాయలకిస్తే, రేపు వాళ్ల దగ్గరా అదే ధర అడుగుతారు. మా వాళ్లెవరైనా ధర అడిగితే ముందు మేస్త్రీ గారిని అడిగి చెబుతారు.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

కాళ్లు కప్పే చెప్పులు లేదా బూట్లు, పొట్టి చేతుల చొక్కా, మాస్కు. షీల్డు మేమిస్తాం. ఇంట్లో కట్టెల పొయ్యి పక్కన మణికట్టు లావున్న మామిడి కొమ్మో, సర్కారు తుమ్మ ముక్కో ఉంటే జానెడు పొడవు కోసి తీసుకురండి. బొంగరం దాంతోనే చేద్దాం.